ఎస్‌ఎంపీఎస్ మార్చకుండా గ్రాఫిక్స్ కార్డు జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం మల్కాపురం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. 2020లో నాన్నగారు కొనిచ్చిన కంప్యూటర్ ఉంది. రైజెన్ 3 3200జీ ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె), 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేదు. వాలరెంట్, జీటీఏ 5 ఆటలు తక్కువ సెట్టింగుల్లో ఆడుతున్నాను గానీ మధ్యమధ్యలో పట్టేస్తోంది. సైబర్‌పంక్ 2077 ఆడాలని ఉంది. ట్యూషన్లు చెప్పి 35 వేలు దాచాను. ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు సిస్టమ్ మొత్తం మార్చేయమన్నారు, పాతది ఇచ్చేసినా ఇంకో 48 వేలు కట్టాలట. ఇంకో షాపులో జీటీఎక్స్ 1650 వేసుకుంటే చాలన్నారు. నా స్నేహితుడు సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 ఏడు వేలకు ఇప్పిస్తానంటున్నాడు. నేను రాయించుకొచ్చిన ధరలు ఇవి: ఆర్‌ఎక్స్ 6600 కార్డు 21,500, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ 4,300, 8 జీబీ ర్యామ్ 4,800, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 4,000, రైజెన్ 5 5600 ప్రాసెసర్ 10,500. ముందు ఏది కొనాలి? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందని నాన్నగారు అడుగుతున్నారు.

జవాబు: సిస్టమ్ మొత్తం మార్చాల్సిన పని లేదు. బీ450 బోర్డు ఇంకా చాలాకాలం పనికొస్తుంది. మీరు 3200జీ పెట్టుకున్న ఆ ఏఎమ్4 సాకెట్‌లోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. బోర్డు, క్యాబినెట్, మానిటర్, ఉన్న ర్యామ్ స్టిక్ అలాగే ఉంచుకోండి. 48 వేలు కడితే అందులో చాలా భాగం మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటిని మళ్లీ కొనడానికే పోతుంది.

మీ 35 వేలలో ఎస్‌ఎంపీఎస్, ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్, ఆర్‌ఎక్స్ 6600, ఎస్‌ఎస్‌డీ కొనండి. మీరు రాసిన ధరల ప్రకారం మొత్తం 34,600 అవుతుంది. ప్రాసెసర్ రెండో విడతలో కొనొచ్చు. జీటీఎక్స్ 1650 వద్దు, ఆ ఆర్‌ఎక్స్ 580 అసలే వద్దు. కారణాలు కింద రాస్తున్నాం. అయితే డబ్బు తీసే ముందు ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆట నడుస్తుండగానే స్క్రీన్ మూలన గ్రాఫిక్స్ వాడకం, ప్రాసెసర్ వాడకం, ర్యామ్, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) కనిపిస్తాయి. జీటీఏలో ఊరి మధ్య కారు వేగంగా నడుపుతూ ఆట పట్టేసే క్షణంలో అంకెలు చూడండి. గ్రాఫిక్స్ 97 నుంచి 99 శాతం మధ్య నిలబడి ఉంటే గ్రాఫిక్సే చాలడం లేదు. గ్రాఫిక్స్ 60, 70కి పడిపోయి ప్రాసెసర్ కోర్లన్నీ 100 కొడుతుంటే ప్రాసెసర్ ఆపుతోంది. రెండూ ఖాళీగానే ఉండి ర్యామ్ నిండిపోయి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం ఎర్రగా కనిపిస్తే ర్యామ్ చాలక హార్డ్‌డిస్క్ మీద పడుతోంది. మీ సిస్టమ్‌లో ఈ మూడూ వేర్వేరు వేళల్లో కనిపించే అవకాశం ఎక్కువ. ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక్కో భాగం మార్చాక మళ్లీ అదే చోట అదే కారు నడిపి పోల్చుకుంటే, పెట్టిన డబ్బుకు ఏం వచ్చిందో మీకే తెలుస్తుంది.

టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 8 జీబీకి బదులు 5.9 జీబీ అని కనిపిస్తుంటే కంగారు పడొద్దు. ప్రాసెసర్‌లోని వేగా గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌లోంచే 2 జీబీ పక్కకు తీసుకుంటుంది. కార్డు వేశాక బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రాంలో) ఆ గ్రాఫిక్స్ ఆపేస్తే 2 జీబీ తిరిగొస్తుంది. చాలామంది ఈ సెట్టింగు చూడకుండానే కొత్త ర్యామ్ కొనేస్తారు.

ర్యామ్ సంగతికొస్తే, మీ దగ్గరున్నది 2666 వేగంలో నడిచే డీడీఆర్4 స్టిక్ అనుకుందాం. ఒక స్టిక్ అంటే ఒక ఛానెల్. 2666ని 8 బైట్లతో హెచ్చవేస్తే సెకనుకి దాదాపు 21.3 జీబీ దారి. అలాంటిదే ఇంకోటి పెడితే 42.6 అవుతుంది. ఒకే వరస ఉన్న రోడ్డు రెండు వరసలైనట్టు. వేగా గ్రాఫిక్స్ ఆ దారినే వాడుకుంటుంది కాబట్టి, కార్డు కొనకముందే ఈ ఒక్క స్టిక్‌తో తేడా కంటికి తెలుస్తుంది. 3200 వేగం ఉన్న స్టిక్ కొనండి. పాత స్టిక్ 2666 దగ్గరే ఆగిపోతే రెండూ 2666లో నడుస్తాయి, దాంతో నష్టమేమీ లేదు. నాలుగు స్లాట్ల బోర్డైతే ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టాలి. ఒకటి, రెండు స్లాట్లలో పక్కపక్కన పెట్టి డ్యూయల్ ఛానెల్ రాలేదని షాపుకి తిరిగెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. పెట్టాక బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా డీఓసీపీ అనే సెట్టింగు ఆన్ చేయాలి. లేకపోతే 3200 స్టిక్ కొన్నా 2400 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోతుంది.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ సర్వర్ల కోసం మెమరీ కంపెనీలు ఆ వైపు మళ్లాయి, డీడీఆర్4 తయారీ తగ్గింది. అందుకే పాత స్టిక్ అమ్మేసి 16 జీబీ కిట్ కొనమని చెప్పడం లేదు. ధర ఎప్పుడో తగ్గుతుందని ఆగడం కూడా వద్దు. ఒకే రోజు రెండు షాపుల్లో అడిగి తక్కువ చెప్పినచోట తీసుకోండి.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. ఈ జవాబులో ఒక్క ముక్కే చదువుతానంటే ఇది చదవండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పెట్టె మీద 450 అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్క తలుపు విప్పి, పెట్టె పక్కన అతికించిన పట్టికలో 12వీ అని ఉన్న గడి వెతకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12తో హెచ్చవేయండి, 192 వాట్లు. పైన ఎంత రాసినా ఆటకు ఉపయోగపడేది అంతే.

లెక్క చూడండి. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 5600 పూర్తి లోడులో 76 వాట్లు. ఈ రెండూ కలిస్తేనే 208, అంటే ఆ 192 దాటిపోయింది. దానిమీద బోర్డు, ఫ్యాన్లు, హార్డ్‌డిస్క్ మోటారు కలిపి ఇంకో 35, 40 వాట్లు. పైగా గ్రాఫిక్స్ కార్డు కరెంటు సమంగా లాగదు. పేలుడు సీను వచ్చిన క్షణంలో మిల్లీసెకన్ల పాటు ఎక్కువ లాగుతుంది. పెట్టె ఆ కుదుపు తట్టుకోలేకపోతే కంప్యూటర్ టక్కున ఆరిపోయి మళ్లీ లేస్తుంది. అది అదృష్టం బాగున్నప్పటి సంగతి. నాసిరకం పెట్టెల్లో లోపలి రక్షణ సర్క్యూట్లు ఉండవు, పోయేటప్పుడు బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతాయి. 4,300 ఆదా చేయబోయి 21,500 పోగొట్టుకునే దారి అది.

కొనే 550 వాట్ల పెట్టెలో 12 వోల్టుల గడిలో 40 ఆంపియర్లకు పైగా ఉండాలి. బ్రాంజ్ అనే ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో మాత్రమే చెబుతుంది, నాణ్యతకు అది హామీ కాదు. కంపెనీ ఐదేళ్ల వారంటీ ఇస్తోందా అని చూడండి, ఒక కంపెనీకి తన సరుకు మీద ఎంత నమ్మకముందో అక్కడ తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 6600 మోడళ్లలో ఎక్కువవాటికి 8 పిన్నుల కనెక్టర్ ఒకటి కావాలి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆ వైరు 6, 2గా విడిపోతుంది. ప్రాసెసర్‌కి వెళ్లే వైరు కూడా 8 పిన్నులదే, కానీ అది 4, 4గా విడిపోతుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వైరింగ్ తలకిందులు. బలవంతంగా దూర్చితే కాలిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ వైరు నుంచి 8 పిన్నులు తీసే కన్వర్టర్ వంద రూపాయలకు దొరుకుతుంది, ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. ఆ సన్నని వైర్లు అంత కరెంటుకు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

గోడ సాకెట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. క్యాబినెట్ ఇనుప రేకు ముట్టుకుంటే చిరచిరలాడుతోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టినా అది పోదు.

కార్డు విషయానికి వద్దాం. ఆర్‌ఎక్స్ 6600లో 8 జీబీ మెమరీ ఉంది. జీటీఎక్స్ 1650లో 4 జీబీనే. ఫుల్ హెచ్‌డీలో ఇప్పటి ఆటల టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల పైపొర బొమ్మలు) 4 జీబీలో పట్టవు. పట్టకపోతే కార్డు మీ కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్లి తెచ్చుకోవాలి, అదే మీకు ఆట పట్టేసినట్టు కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేకపోతే మొదలే కాని ఆటలు ఇప్పటికే వచ్చాయి. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ అలాంటిదే, అది కనీసంగా అడిగే కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6600 ఉంది. 1650కి, 580కి ఆ హార్డ్‌వేర్ లేదు. రే ట్రేసింగ్ ఎఫెక్టులన్నీ ఆన్ చేసుకుని సాఫీగా ఆడేంత బలం 6600కి లేదు, అది ఆశించకండి. తలుపు మూసుకుపోకుండా ఉంటుంది, అంతే.

ఆర్‌టీఎక్స్ 3050 చూపిస్తే 6 జీబీదా 8 జీబీదా అడగండి. పేరు ఒకటే గానీ 6 జీబీది బలహీనం. 8 జీబీది కూడా మామూలు ఆటల్లో 6600 కంటే వెనకే ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తక్కువకు వస్తోందంటే ఆగండి. ఆ కార్డుకి బోర్డుతో మాట్లాడటానికి నాలుగు లేన్లే (డేటా నడిచే వరసలు) ఉన్నాయి. కొత్త బోర్డు మీద పీసీఐఈ (కార్డును బోర్డుతో కలిపే దారి) 4.0 వేగంలో ఆ లోటు కొంత కప్పుకుంటుంది. మీ బీ450 మీద పీసీఐఈ 3.0 కాబట్టి దారి సగమైపోతుంది. 6600కి ఎనిమిది లేన్లు, మీ ప్రాసెసర్ కూడా కార్డు స్లాట్‌కి ఎనిమిదే ఇస్తుంది, సరిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు ఈ పాత ప్రాసెసర్‌తో వద్దు, వాటికి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేకపోతే వేగం బాగా పడిపోతుంది.

మీ స్నేహితుడు చెప్పిన ఆర్‌ఎక్స్ 580 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడు వేలు అనగానే ఎవరికైనా మనసు లాగుతుంది. 580 పేరుతో రెండు రకాలు తిరుగుతున్నాయి. అసలుదానికి 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు ఉంటాయి. ఇంకోదానికి 2048, అది నిజానికి 570 స్థాయి కార్డు. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిస్తే షేడర్ల గడిలో ఈ అంకె చూసి ఏదో తెలిసిపోతుంది. ఇలాంటి కార్డులు చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రోజుకి ఇరవై నాలుగు గంటలు నడిచినవి. మైనింగ్‌లో నడవడం వల్లే చెడిపోతాయని కాదు, మెమరీ చిప్పులు, ఫ్యాన్లు అరిగిపోయి ఉంటాయి, ఎప్పుడు పోతాయో చెప్పలేం. వారంటీ ఉండదు. పైగా ఆ కార్డు 185 వాట్లు లాగుతుంది, అంటే ఎస్‌ఎంపీఎస్ ఖర్చు ఎలాగూ తప్పదు.

ఏ సెకండ్ హ్యాండ్ కార్డైనా మన ఊళ్లో కొనేటప్పుడు ఇంకోటి చూడాలి, ఉప్పు గాలి. కార్డు చేతికి తీసుకుని సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. డిస్‌ప్లే పోర్టులుండే ఇనుప పట్టీ అంచున, స్క్రూ తలల మీద తుప్పు గోధుమరంగు చుక్కలుగా మొదలవుతుంది. ఆ తర్వాత కార్డు వెనక వైపు టంకం వేసిన చుక్కలు చూడండి. మెరవాల్సినవి మసకబారి, చుట్టూ తెల్లగానో ఆకుపచ్చగానో పొడిలా కనిపిస్తే ఆ కార్డు తీరానికి దగ్గర్లో కిటికీ పక్కన ఉన్నదని అర్థం. బోర్డులోకి దూర్చే బంగారు రంగు పళ్లు నల్లబడి ఉన్నా వదిలేయండి. పైకి బాగానే ఉంటే అమ్మేవాళ్ల ఇంట్లోనే సిస్టమ్‌లో పెట్టించి, ఫర్‌మార్క్ అనే కార్డు పరీక్ష ప్రోగ్రాం పావుగంట, ఏదైనా ఆట అరగంట నడిపి, స్క్రీన్ మీద చుక్కలు, రంగు గళ్లు రాకుండా ఉంటేనే బేరం మాట్లాడాలి. అన్ని డిస్‌ప్లే పోర్టులకీ కేబుల్ మార్చి మార్చి పెట్టి చూడాలి.

మీది మల్కాపురం కాబట్టి సముద్రపు తేమకు తోడు పోర్టు, ఫ్యాక్టరీల దుమ్ము కూడా పడుతుంది. ఆ నల్లని సన్నదుమ్ము తేమకు ముద్దలా అయి ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రేకుల మధ్య కంబళిలా పేరుకుంటుంది. ఐదేళ్లుగా విప్పలేదంటే ముందు అది చూడండి. ఊపిరాడని ప్రాసెసర్ వేడెక్కి వేగం తానే తగ్గించుకుంటుంది, కొత్త కార్డు పెట్టినా ఆట పట్టేస్తూనే ఉంటుంది. మెత్తని పెయింట్ బ్రష్షు, బ్లోయరు చాలు. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే మోటారు వెనక్కి కరెంటు పంపుతుంది, బేరింగూ దెబ్బతింటుంది. ర్యామ్ పళ్లను రబ్బరుతో గీకే అలవాటు మన దగ్గర ఉంది. దాంతో పొట్టు స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. కంప్యూటర్‌ని సముద్రం వైపు కిటికీకి దూరంగా, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. ముందు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటకు పంపేలా ఉండాలి. మేలో గది వేడి 35 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ రెండు ఫ్యాన్లే కార్డుని కాపాడతాయి.

కార్డు కొనడానికి వెళ్లేముందు టేపుతో క్యాబినెట్ లోపల కొలవండి. వెనక పట్టీ నుంచి ముందు హార్డ్‌డిస్క్ గూడు దాకా ఎంత ఉందో చూసుకోండి. రెండు ఫ్యాన్ల 6600లు చాలావరకు 20 నుంచి 24 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. జీఎస్‌టీ బిల్లు తప్పనిసరిగా తీసుకోండి, బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీలోంచి వచ్చిందే. రేపు పాడైతే ఆ కంపెనీ సర్వీసు ఊళ్లోనే ఉందా, హైదరాబాదో చెన్నైయో పార్సిల్ పంపాలా, షాపువాళ్లే తీసుకుని పంపుతారా అని ముందే అడగండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ నుంచి తెప్పించుకుంటే వెయ్యి, రెండు వేలు తగ్గొచ్చు. అప్పుడు వారంటీకి పార్సిల్ ఖర్చు, రోజులు మీవే అని లెక్క వేసుకోండి.

బిగించాక మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. పాత అలవాటుతో బోర్డుకి పెట్టి కార్డు పనిచేయడం లేదని కంగారు పడేవాళ్లు ఎందరో. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ 75 హెర్ట్జ్‌దైతే 75 ఎంచుకోండి, అది తనంతట తాను 60 దగ్గరే ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ ఎఫ్‌పీఎస్ పెంచదు. కానీ సైబర్‌పంక్‌కి అది షరతు. 2.0 అప్‌డేట్ నుంచి ఆ ఆట కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ, 12 జీబీ ర్యామ్, రైజెన్ 5 1600 స్థాయి ప్రాసెసర్ అడుగుతున్నారు. మీ 8 జీబీ, హార్డ్‌డిస్క్, నాలుగు కోర్ల 3200జీ మూడూ ఆ గీతకు కిందే ఉన్నాయి. బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ బిగించి విండోస్ దాని మీద కొత్తగా వేయండి, పాత డిస్క్ చదువు ఫైళ్లకు ఉంచండి. విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ వైరు పీకేయండి. లేకపోతే బూట్ ఫైళ్లు దాని మీదకు వెళ్లి, రేపు అది పోయిన రోజు కొత్త ఎస్‌ఎస్‌డీ ఉన్నా కంప్యూటర్ లేవదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11 వేయండి, 3200జీ అందుకు పనికొస్తుంది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు రెండూ ఆన్‌లో ఉండాలి. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేయండి, సీఎస్ఎం (పాత బూట్ పద్ధతి) ఆపండి, ఆ తర్వాతే విండోస్ వేయండి. వరస తప్పి సీఎస్ఎం ఉండగా వేస్తే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో తయారవుతుంది, తర్వాత సెక్యూర్ బూట్ ఆన్ చేయగానే అసలు బూట్ అవ్వదు.

ఇంతవరకు చేశాక ఆడి చూడండి. జీటీఏ బాగా మారుతుంది. వాలరెంట్‌లో తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు, ఆ ఆట ప్రాసెసర్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. సైబర్‌పంక్ జనం ఉన్న వీధుల్లో తడబడుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో ప్రాసెసర్ 100, గ్రాఫిక్స్ 60 అని కనిపిస్తే అదే రెండో విడతకు కారణం. అప్పటిదాకా ఆటలో క్రౌడ్ డెన్సిటీ (వీధుల్లో జనం సంఖ్య) తగ్గించి, ఎఫ్‌పీఎస్‌ని 45 దగ్గరో 60 దగ్గరో కట్టేయండి. ఎగుడుదిగుడు 70 కంటే నిలకడైన 45 కంటికి హాయి.

రెండో విడతలో 5600 తీసుకుంటే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ). మీ 3200జీకి ఆ క్యాష్ 4 ఎంబీనే. ఆటలకు తేడా తెచ్చేది ముఖ్యంగా ఇదే. డబ్బు చాలకపోతే 5500 కూడా పనికొస్తుంది. క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0 వరకే, కానీ మీ బోర్డూ 3.0దే కాబట్టి ఆ లోటు మీకు లెక్కలోకి రాదు. 5600జీ మాత్రం వద్దు, కార్డు ఉన్నాక దానిలోని గ్రాఫిక్స్‌కి డబ్బు దండగ. 5600లో గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా స్క్రీన్ వెలగదని గుర్తుంచుకోండి. బాక్సుతో కొనండి, అందులో కూలర్ వస్తుంది. ట్రే అని విడిగా ఇచ్చేదానితో రాదు.

పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు వెనక రాసిన మోడల్, రివిజన్ నంబర్లు చూసుకుని, ఆ కంపెనీ సైట్లో సరిగ్గా దానికే ఉన్న ఫైలు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద వేసుకోండి. మధ్యలో ఇంకో వర్షన్ ముందు వేయాలని అక్కడ రాసి ఉంటే అది వేశాకే కొత్తది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. యూపీఎస్ మీద పెట్టి చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకుండా పోవచ్చు.

ప్రాసెసర్ తీసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ఐదేళ్ల థర్మల్ పేస్టు ఎండి జిగురులా పట్టేసి ఉంటుంది. కూలర్‌ని తిన్నగా పైకి లాగితే, సాకెట్ లివరు వేసి ఉన్నా ప్రాసెసర్ దానితో పాటే ఊడొస్తుంది. అడుగున 1331 సన్నని పిన్నులుంటాయి, అందులో ఏవి వంగినా ఇబ్బందే. అందుకని ముందు పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి ప్రాసెసర్ వేడెక్కనివ్వండి, పేస్టు మెత్తబడుతుంది. వెంటనే ఆపి, ప్లగ్ పీకి, క్యాబినెట్ పడుకోబెట్టి, కూలర్ నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా విప్పండి. కూలర్‌ని ఎత్తకుండా అటు ఇటు సీసా మూత తిప్పినట్టు నెమ్మదిగా తిప్పండి. పట్టు వదిలిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తండి. స్క్రూలు విప్పగానే బోర్డు వెనక ఉన్న ఇనుప ప్లేటు జారుతుంది, వెనక నుంచి చెయ్యి అడ్డం పెట్టండి. కొత్త ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు త్రికోణం సాకెట్ మీది గుర్తుతో కలిపి, నొక్కకుండా వదలండి. దానంతట అదే కూర్చోవాలి. కొత్త కూలర్ అడుగున పేస్టు వేసే ఉంటుంది, మళ్లీ వేయొద్దు. పాత కూలరే వాడితే తుడిచేసి, బఠానీ గింజంత కొత్తది మధ్యలో పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త ప్రాసెసర్ కనిపించింది, ఎఫ్‌టీపీఎం చెరపమంటారా అని స్క్రీన్ అడగొచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే సౌకర్యం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకుని ఉండాలి, లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోదు. ప్రాసెసర్ మార్చాక ఎక్స్ఎంపీ సెట్టింగు పోతుంది, మళ్లీ ఆన్ చేయండి. అరగంట ఆడి వేడి చూడండి. 5600కి పైహద్దు 90 డిగ్రీలు, 80లోపు ఉంటే బాగున్నట్టే.

యూపీఎస్ గురించి ఒక మాట. ఇళ్లల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే ఇస్తుంది. ఆట నడుస్తుండగా కరెంటు పోతే అది ఆట కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి ఆపేయడానికి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీదకు మారినప్పుడు ఇచ్చే కరెంటు సాఫీ అలలా కాక మెట్లుమెట్లుగా ఉంటుంది, కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకు అది సరిపడక సిస్టమ్ ఆరిపోతుంది. కొన్నరోజే ఏ ముఖ్యమైన పనీ తెరిచి లేనప్పుడు ప్లగ్ పీకి పరీక్షించుకోండి, ఆరిపోతే మారుస్తారా అని షాపులో ముందే మాట్లాడుకోండి.

నాన్నగారి ప్రశ్నకు లెక్క ఇది. ఇప్పుడు మీ సిస్టమ్ ఆట ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి దాదాపు 100 వాట్లు తీసుకుంటుంది. అన్నీ మార్చాక దాదాపు 250. పెరిగేది 150. రోజుకి మూడు గంటలు ఆడితే 0.45 యూనిట్, నెలకి 13.5 యూనిట్లు. ఏపీఈపీడీసీఎల్ బిల్లులో మీ ఇంటి చివరి స్లాబుకి యూనిట్ ఎంత పడుతోందో చూసి 13.5తో హెచ్చవేసి నాన్నగారికి చూపించండి. ఈ అదనపు యూనిట్ల వల్ల పై స్లాబులోకి వెళ్తారేమో కూడా అక్కడే తెలుస్తుంది. మీ మానిటర్ 75 హెర్ట్జ్‌దే అయితే అంతకంటే ఎక్కువ ఫ్రేములు చూపించలేదు కాబట్టి, కార్డు డ్రైవర్‌లో ఎఫ్‌పీఎస్‌ని 72 దగ్గర కట్టేయండి. వాలరెంట్ లాంటి తేలిక ఆటల్లో కార్డు సగం బలంతోనే నడుస్తుంది, వేడీ బిల్లూ రెండూ తగ్గుతాయి.